ట్యాంకుల మధ్య కలిపే పైపు ఏ సైజుది వేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు ట్యాంకులను పక్కపక్కన పెట్టి అడుగున ఒక పైపుతో కలిపితే రెండూ కలిసి ఒకే పెద్ద ట్యాంకులా పనిచేస్తాయని అనుకుంటాం. నీళ్లు కదలకుండా ఉన్నంతసేపు అది నిజమే. మోటారు వేసినప్పుడు, లేదా నీళ్లు జోరుగా వాడుతున్నప్పుడు మాత్రం ఒక ట్యాంకు పొంగిపోతుంటే రెండోది సగమే నిండి ఉంటుంది. దీనికి కారణం చాలాసార్లు మధ్యలో ఉన్న పైపే. మోటారు, ట్యాంకు ఎంచుకునేటప్పుడు పదిమందిని అడిగేవాళ్లు కూడా ఈ పైపు దగ్గరికి వచ్చేసరికి చేతికి దొరికిన ముక్క వేసేస్తారు. ఆ ముక్క సైజును ఎలా తేల్చుకోవాలో కింద చూద్దాం.

ప్రశ్న: కలిపే పైపులో నీళ్లను నెట్టేది ఏది? మోటారు ప్రెషర్ పనికిరాదా?

పనికిరాదు. ఇన్లెట్ పైపు (ట్యాంకులోకి నీళ్లు పోసే పైపు) మూతి దగ్గర నీళ్లు ట్యాంకులో పడిన క్షణంలోనే మోటారు ప్రెషర్ అయిపోతుంది. అక్కడి నుంచి పక్క ట్యాంకుకు నీళ్లను తీసుకెళ్లేది రెండు ట్యాంకుల నీటిమట్టాల మధ్య ఉన్న తేడా ఒక్కటే. మేస్త్రీలు గోడల మట్టం చూసుకునే నీళ్ల గొట్టంలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది: తేడా ఉన్నంతసేపే నీళ్లు కదులుతాయి, తేడా పోగానే ఆగిపోతాయి. ఆ తేడా మీటర్లలో ఉండదు, సెంటీమీటర్లలో ఉంటుంది. అంత చిన్న బలంతో నీళ్లు నడవాలి కాబట్టే మోటారు నుంచి వచ్చే పైపు ఒక అంగుళమైతే కలిపే పైపూ ఒక అంగుళం చాలనుకోవడం పొరపాటు.

ప్రశ్న: పైపును ట్యాంకుకు బాగా అడుగున పెడితే బరువు ఎక్కువై జోరుగా పారుతుంది కదా?

పారదు. అడుగున ఒత్తిడి ఎక్కువే, కానీ అది పైపుకు రెండు వైపులా ఎక్కువే. ఇటు నుంచి ఎంత నెడుతుందో అటు నుంచి దాదాపు అంతే ఎదురు నెడుతుంది. మిగిలేది మట్టాల తేడా మాత్రమే. పైపును అడుగున పెట్టడానికి అసలు కారణం వేరు: ట్యాంకులో నీళ్లు తగ్గినా పైపు మునిగి ఉండాలి. పైపు సగం తేలితే పారే నీళ్లు బాగా తగ్గిపోతాయి, పైపు కంటే కింద ఉన్న నీళ్లు ఎప్పటికీ అటు పోవు. అలాగని మరీ నేలకు ఆనించకండి. అడుగున మడ్డి పేరుకుంటుంది. నాలుగైదు సెంటీమీటర్లు వదిలితే ఆ మడ్డి పక్క ట్యాంకుకు పోకుండా ఉంటుంది.

ప్రశ్న: సైజు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండు అంకెల దగ్గర. మొదటిది, ఆ పైపు గుండా నిమిషానికి ఎన్ని లీటర్లు పోవాలి. రెండోది, మట్టాల మధ్య ఎన్ని సెంటీమీటర్ల తేడాను మనం ఒప్పుకోగలం. చాలామంది మొదటి అంకె దగ్గరే ఆగిపోతారు. నిజానికి సైజును తేల్చేది రెండోదే. 40 సెంటీమీటర్ల తేడా ఫరవాలేదనుకుంటే సన్న పైపుతో సరిపెట్టుకోవచ్చు. 3 సెంటీమీటర్లే కావాలంటే లావు పైపు వేయక తప్పదు.

మొదటి అంకె సులువు. మోటారు నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తుందో బకెట్టు, గడియారం పెట్టుకుని కొలవండి. రెండు ట్యాంకుల వెడల్పూ ఒకటే అయితే, మట్టాలు కలిసి పెరగాలంటే అందులో సగం పైపు దాటాలి. ట్యాంకుల వెడల్పు వేరైతే ఆ నిష్పత్తిలో పంచుకోవాలి. ఇక్కడ చూడాల్సింది లీటర్ల సామర్థ్యం కాదు, నీటి ఉపరితలం ఎంత విశాలంగా ఉందన్నది. పొట్టిగా వెడల్పుగా ఉన్న ట్యాంకు ఒక సెంటీమీటరు పెరగడానికి ఎక్కువ నీళ్లు తీసుకుంటుంది.

రెండో అంకెకు ట్యాంకు పైభాగం చూడండి. ఫ్లోట్ వాల్వు (నీళ్లు నిండగానే తేలే బంతితో మూసుకునే వాల్వు) మూసుకునే మట్టానికీ ఓవర్‌ఫ్లో పైపుకూ (ఎక్కువైన నీళ్లు బయటికి పోయే పైపు) మధ్య ఎంత జాగా ఉంది? ఫ్లోట్ స్విచ్ (నీటిమట్టాన్ని బట్టి మోటారును వేసి ఆపే స్విచ్) ఆన్, ఆఫ్ మట్టాల మధ్య ఎంత దూరం ఉంది? ఇళ్లలో వాడే ట్యాంకులకు 5 సెంటీమీటర్లలోపు తేడా పెట్టుకుంటే ఏ ఇబ్బందీ రాదని నా అభిప్రాయం.

ప్రశ్న: ఒక లెక్క చేసి చూపిస్తారా?

ఒకే కొలత ఉన్న రెండు ట్యాంకులు తీసుకుందాం. ఒక్కోటి 1000 లీటర్లు, మీటరు ఎత్తు. మోటారు మొదటి ట్యాంకులో నిమిషానికి 60 లీటర్లు పోస్తోంది. అంటే కలిపే పైపు 30 లీటర్లు దాటించాలి. పైపు పొడవు 4 మీటర్లు, మధ్యలో రెండు ఎల్బోలు (మలుపు ముక్కలు), ఒక గేట్ వాల్వు, లోపల నున్నగా ఉండే ప్లాస్టిక్ పైపు. పైపు లోపలి వ్యాసాన్ని బట్టి ఆ 30 లీటర్లు పోవడానికి కావాల్సిన మట్టం తేడా సుమారుగా ఇలా వస్తుంది:

20 మి.మీ. పైపు: మీటరు పైనే
25 మి.మీ. పైపు: 40 సెం.మీ.
32 మి.మీ. పైపు: 13 నుంచి 14 సెం.మీ.
40 మి.మీ. పైపు: 5 సెం.మీ.
50 మి.మీ. పైపు: 2 సెం.మీ.

20 మి.మీ. పైపుకు కావాల్సిన తేడా ట్యాంకు ఎత్తునే దాటిపోయింది. అంటే ఆ పైపుతో రెండు ట్యాంకులూ కలిసి నిండే ప్రసక్తే లేదు. 25 మి.మీ. పైపు వేస్తే మొదటి ట్యాంకు నిండేసరికి రెండోదాంట్లో ఇంకా 350 లీటర్లకు పైగా ఖాళీ ఉంటుంది. అదే 50 మి.మీ. పైపు వేస్తే రెండు మూతలూ తీసి చూసినా తేడా కంటికి ఆనదు. ఈ ట్యాంకులకు నేనైతే 50 వేస్తాను. 40 కూడా సరిపోతుంది, కానీ కొన్నేళ్లలో లోపల పాకురు, ఉప్పు పొర పట్టాక కొంచెం వెసులుబాటు ఉండాలి.

మీ దగ్గర పారే నీళ్లు వేరైతే ఇదే పట్టికను సవరించుకోవచ్చు. పారే నీళ్లు రెట్టింపైతే కావాల్సిన తేడా దాదాపు నాలుగు రెట్లవుతుంది. సగమైతే దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది.

ప్రశ్న: ఈ లెక్క ఏ సూత్రంతో వచ్చింది?

19వ శతాబ్దంలో జూలియస్ వైస్‌బాక్, హెన్రీ డార్సీ చేసిన పని మీద నిలిచిన సూత్రంతో. మట్టం తేడా h అనుకుంటే:

h = (f × L ÷ D + K) × v² ÷ 2g

L పైపు పొడవు, D లోపలి వ్యాసం, v నీటి వేగం, g అంటే భూమ్యాకర్షణ, దాని విలువ 9.81. అన్నీ మీటర్లు, సెకన్లలో వేసుకోవాలి. f అనేది పైపు గోడల రాపిడి; ఇలాంటి నున్నని చిన్న పైపులకు 0.025 నుంచి 0.03 మధ్య వస్తుంది. K అనేది మలుపులు, వాల్వులు, పైపు మూతుల దగ్గర పోయే బలం. ట్యాంకు నుంచి పైపులోకి దిగేటప్పుడు 0.5, పైపు నుంచి పక్క ట్యాంకులో పడేటప్పుడు 1, ఒక్కో మామూలు ఎల్బోకు 0.9, పూర్తిగా తెరిచిన గేట్ వాల్వుకు 0.2. పై ఉదాహరణలో K మొత్తం 3.5. 50 మి.మీ. పైపులో నాలుగు మీటర్ల పొడవు రాపిడి విలువ 2.4 మాత్రమే. అంటే ఇంత దగ్గరి ట్యాంకుల మధ్య పైపు పొడవు కంటే ఫిట్టింగులే ఎక్కువ బలాన్ని తినేస్తున్నాయి.

ప్రశ్న: పైపు లావుదే వేశాం, అయినా నీళ్లు సరిగా పోవడం లేదు. ఎందుకని?

ముందు ట్యాంకు నిప్పల్ (ట్యాంకు రంధ్రంలో బిగించే పొట్టి గొట్టం) చూడండి. ట్యాంకుకు పెట్టిన రంధ్రం అంగుళానిదే అయితే, దానికి రెడ్యూసర్ (సైజు మార్చే ముక్క) తగిలించి అక్కడి నుంచి రెండంగుళాల పైపు నడిపిస్తుంటారు. బయటికి చూడటానికి లావు పైపే కనిపిస్తుంది, నీళ్లకు మాత్రం రెండు చివరలా సన్న గొంతు తగులుతుంది. మన ఉదాహరణలోనే 50 మి.మీ. పైపుకు రెండు వైపులా 25 మి.మీ. నిప్పళ్లు పెడితే కావాల్సిన తేడా 2 సెంటీమీటర్ల నుంచి సుమారు 14కు పెరుగుతుంది. మొత్తం 32 మి.మీ. పైపు వేసినట్టే అయింది, డబ్బు మాత్రం 50కి పెట్టాం. అందుకే పైపు కొనేముందు ట్యాంకు రంధ్రం సైజు తేల్చుకోవాలి. అవసరమైతే రంధ్రం పెద్దది చేయించాలి.

రెండో అనుమానం పైపు మీద రాసిన సైజు. కొన్ని రకాల పైపులకు బయటి వ్యాసం రాస్తారు, కొన్నింటికి లోపలిది. మందం ఎక్కువున్న పైపైతే లోపలి దారి అనుకున్నదానికంటే చాలా తగ్గుతుంది. నల్లరంగు ప్లాస్టిక్ గొట్టాల లోపలికి దూర్చే జాయింట్లు ఉంటాయి, అవి దారిని ఇంకా ఇరుకు చేస్తాయి. ముక్క కోసి లోపల స్కేలు పెట్టి కొలిస్తే అనుమానం తీరిపోతుంది.

ప్రశ్న: ఒక 50 మి.మీ. పైపు బదులు రెండు 25 మి.మీ. పైపులు వేస్తే సరిపోదా?

సరిపోదు. అదే మట్టం తేడాలో అంత నీళ్లు పోవాలంటే 25 మి.మీ. పైపులు నాలుగైదు కావాలి, దూరం ఎక్కువైతే ఐదారు. రెండు పైపులు వేయడంలో వేరే లాభం ఉంది: ఒకటి పూడుకుపోయినా రెండోది పనిచేస్తుంది.

ప్రశ్న: ట్యాంకులు దూరంగా ఉంటే?

50 మి.మీ. పైపు పొడవు 4 నుంచి 12 మీటర్లకు పెరిగితే, ఉదాహరణలోని 2 సెంటీమీటర్ల తేడా మూడున్నర అవుతుంది, అంతే. దానికి భయపడనక్కర్లేదు. వంద మీటర్లయితే మాత్రం 21 సెంటీమీటర్లు కావాలి. అక్కడ లోపలి వ్యాసం 75 మి.మీ. ఉన్న పైపు వేస్తే తేడా 3 సెంటీమీటర్లకు దిగుతుంది. దూరం పెరిగేకొద్దీ ఎల్బోల లెక్క పక్కకు పోయి గోడల రాపిడే అసలు విషయమవుతుంది.

ప్రశ్న: మూడు నాలుగు ట్యాంకులను వరసగా కలిపితే అదే సైజు పైపు చాలా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, దీనివల్ల ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ. నాలుగు ఒకేలాంటి ట్యాంకులను వరసగా కలిపి మొదటిదాంట్లో నీళ్లు పోస్తున్నామనుకోండి. మొదటి పైపు మూడు ట్యాంకులకు సరిపడా నీళ్లు మోయాలి, రెండో పైపు రెండు ట్యాంకులకు, మూడోది ఒక్క ట్యాంకుకు. తేడా నీళ్ల వర్గంతో పెరుగుతుంది కాబట్టి మూడు పైపుల దగ్గరా మట్టం పడిపోవడం 9, 4, 1 నిష్పత్తిలో ఉంటుంది. మొదటి ట్యాంకుకూ చివరి ట్యాంకుకూ మధ్య మొత్తం 14 వంతుల తేడా.

ఇప్పుడు పైపులేవీ మార్చకుండా ఇన్లెట్‌ను మొదటి ట్యాంకు నుంచి రెండో ట్యాంకుకు మార్చండి. అటు ఒక ట్యాంకుకు, ఇటు రెండింటికి నీళ్లు పోతాయి. నాలుగో ట్యాంకు వరకు పడే తేడా 4, 1 కలిపి 5 వంతులే. ఒక్క గొట్టం జరిపినందుకు తేడా మూడో వంతు దగ్గరికి దిగిపోయింది. పైపుల సైజు పెంచే ముందు ఈ మార్పు వీలవుతుందేమో తప్పకుండా చూడండి.

ట్యాంకులు ఇంకా ఎక్కువైతే వరసగా గుచ్చడం మానేసి, కింద ఒక లావు హెడర్ పైపు (అన్ని ట్యాంకులకూ ఉమ్మడి పైపు) వేసి ఒక్కో ట్యాంకు నుంచి దానికి ఒక టీ (మూడు దారుల జాయింటు) కలపడం మంచిది. అప్పుడు ఒక ట్యాంకును విడదీసి కడిగినా మిగతావి ఆగవు.

ప్రశ్న: ఎత్తు వేర్వేరుగా ఉన్న ట్యాంకులను కలపవచ్చా?

కలపవచ్చు. నీళ్లు చూసేది పైమట్టాన్నే. ట్యాంకుల పై అంచులు ఒకే మట్టంలో ఉంటే మంచిది. లేకపోతే పొట్టిదాని అంచు దగ్గరే నీళ్లు ఆగిపోవాలి, పొడుగుదాని పైభాగం వృథా అవుతుంది. ఒక ట్యాంకు పూర్తిగా పైన, ఇంకోటి పూర్తిగా కింద ఉంటే అవి సమానమయ్యే ట్యాంకులు కావు. పైది కిందదాన్ని నింపుతుంది. అక్కడ కింది ట్యాంకుకు ఫ్లోట్ వాల్వు తప్పనిసరి.

ప్రశ్న: మోటారు ఆగి, కొద్ది నిమిషాలకే మళ్లీ మొదలవుతోంది. దీనికీ కలిపే పైపుకూ సంబంధం ఉందా?

ఫ్లోట్ స్విచ్ ఇన్లెట్ ఉన్న ట్యాంకులోనే ఉంటే, ఉంది. 25 మి.మీ. పైపు వేసిన మన ఉదాహరణే చూడండి: మొదటి ట్యాంకు నిండింది, స్విచ్ మోటారును ఆపేసింది. కానీ పక్క ట్యాంకు ఇంకా 36 సెంటీమీటర్లు తక్కువలో ఉంది. నీళ్లు మెల్లగా అటు సర్దుకుంటాయి, మొదటిదాంట్లో మట్టం 18 సెంటీమీటర్లు పడిపోతుంది. స్విచ్ 15 సెంటీమీటర్లకే ఆన్ అయ్యేదైతే, ఇంట్లో ఎవరూ కుళాయి తిప్పకపోయినా మోటారు మళ్లీ మొదలవుతుంది. ఇలా రోజూ జరిగితే మోటారు వైండింగ్‌కు మంచిది కాదు. లావు పైపు వేస్తే జబ్బు మూలంలోనే పోతుంది. అది వీలుకాకపోతే స్విచ్ ఆన్, ఆఫ్ మట్టాల మధ్య దూరం పెంచండి.

ప్రశ్న: మొదటి ట్యాంకులో నీళ్లున్నాయి, అయినా ప్రెషర్ పంపు గాలి పీలుస్తోంది. ఎందుకు?

పంపు రెండో ట్యాంకు నుంచి లాగుతోంది, ఆ వేగానికి కలిపే పైపు నీళ్లు అందించలేకపోతోంది. పై ఉదాహరణలోని ట్యాంకులు నిండుగా ఉన్నాయనుకుందాం. ఇన్లెట్ ఆగి ఉంది, పంపు నిమిషానికి 100 లీటర్లు లాగుతోంది. కలిపే పైపు 25 మి.మీ. అయితే 14 నిమిషాల్లో రెండో ట్యాంకు ఖాళీ అయిపోతుంది. అప్పటికి మొదటిదాంట్లో 600 లీటర్ల దాకా మిగిలే ఉంటాయి. కాబట్టి సైజు లెక్క వచ్చే నీళ్లతో ఒకసారి, పోయే నీళ్లతో ఒకసారి చేయాలి. రెండింటిలో పెద్దది ఏదైతే దానికి పైపు వేయాలి.

ప్రశ్న: రెండో ట్యాంకు నీళ్లు వాసన వస్తున్నాయి. పైపు సైజు పెంచితే పోతుందా?

పోదు. ఇన్లెట్, అవుట్‌లెట్ రెండూ మొదటి ట్యాంకుకే ఉంటే, రెండో ట్యాంకులో నీళ్లు ఒకే దారిలో కాస్త లోపలికి, కాస్త బయటికి ఊగుతాయే తప్ప పాత నీళ్లు పూర్తిగా మారవు. నిలవ నీళ్లలో క్లోరిన్ తగ్గిపోతుంది, పాకురు పడుతుంది. దీనికి మందు అమరికలో ఉంది: నీళ్లు మొదటి ట్యాంకులో పడాలి, వాడకం రెండో ట్యాంకు నుంచి పోవాలి. అప్పుడు ప్రతి చుక్కా రెండు ట్యాంకులూ దాటుకుని వెళ్తుంది.

అయితే ఈ అమరికలో కలిపే పైపు మీద పని పెరుగుతుంది. రెండో ట్యాంకులో మట్టం నిలకడగా ఉండాలంటే వాడే నీళ్లన్నీ ఆ పైపు గుండానే రావాలి, సగం లెక్క సరిపోదు. అయినా తాగే నీళ్లయితే ఇదే అమరిక పెట్టుకోండి. పైపు ఒక సైజు పెంచడం వల్ల అయ్యే ఖర్చు ఒక్కసారిదే.

ప్రశ్న: పైపు దారిలో ఎత్తుపల్లాలు ఉండవచ్చా?

పల్లం ఉండవచ్చు, మిట్ట ఉండకూడదు. నడిచే దారి కింద నుంచి పైపు దించి మళ్లీ పైకి తెస్తే నీళ్లు పోతాయి. అన్నిటికన్నా కింద ఉన్న చోట మడ్డి తీయడానికి ఒక ప్లగ్ పెట్టుకుంటే చాలు. మిట్ట మీద మాత్రం గాలి పోగై కూర్చుంటుంది. మోటారు ప్రెషర్ అయితే ఆ గాలిని నెట్టేసేది, ఐదు సెంటీమీటర్ల మట్టం తేడాకు అంత బలం ఎక్కడిది? మిట్ట తప్పనిసరి అయితే దాని మీద సన్నని గాలి గొట్టం పెట్టి ట్యాంకు అంచు కంటే పైకి లేపండి. అలాగే రెండు ట్యాంకుల మూతలకూ గాలి రంధ్రాలు ఉండాలి. మూత బిగుసుకుపోతే లోపల గాలి చిక్కి నీళ్లను ఆపేస్తుంది.

ప్రశ్న: వాల్వులు ఎలాంటివి వాడాలి?

తెరిస్తే దారి పూర్తిగా వదిలేవి: ఫుల్ బోర్ బాల్ వాల్వు లేదా గేట్ వాల్వు. గ్లోబ్ వాల్వు (లోపల నీళ్లు మెలికలు తిరిగి పోయే రకం) వద్దు, దాని K విలువ 10 దాకా ఉంటుంది, అంటే అది ఒక్కటే పది ఎల్బోల కంటే ఎక్కువ బలం తింటుంది. ఒక్కో ట్యాంకు దగ్గర ఒక వాల్వు, ఒక యూనియన్ (విప్పి మళ్లీ బిగించుకునే జాయింటు) ఉంటే కడిగేటప్పుడు ఇబ్బంది ఉండదు. ప్లాస్టిక్ ట్యాంకులు నిండినప్పుడు పక్కలకు ఉబ్బుతాయి, కింద దిమ్మె కొంచెం కుంగవచ్చు కూడా. కాబట్టి మధ్యలో వంగే గొట్టం ముక్క ఒకటి పెట్టండి, లేకపోతే నిప్పల్ దగ్గర పగుళ్లు వస్తాయి.

ప్రశ్న: ఓవర్‌ఫ్లో పైపు ఇన్లెట్ అంత ఉంటే చాలదా?

చాలదు. ఇన్లెట్‌కు వెనక మోటారు ఉంది, ఓవర్‌ఫ్లోకు ఉన్నది నాలుగైదు సెంటీమీటర్ల నీళ్ల ఎత్తే. ఇన్లెట్ వ్యాసానికి కనీసం రెట్టింపు పెట్టండి. దాన్ని ఇన్లెట్ ఉన్న ట్యాంకుకే పెట్టండి, మట్టం ముందుగా పెరిగేది అక్కడే.

ప్రశ్న: పైకప్పు మీది వాన నీళ్లు పట్టే ట్యాంకులకు కూడా ఇదే లెక్కా?

లెక్క అదే, అంకెలు పెద్దవి. 100 చదరపు మీటర్ల పైకప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 100 లీటర్లు. గంటకు 100 మి.మీ. చొప్పున కుండపోతగా పడితే నిమిషానికి దాదాపు 167 లీటర్లు వచ్చిపడతాయి. అందులో సగం దాటించాలన్నా 50 మి.మీ. పైపుకు 14 నుంచి 15 సెంటీమీటర్ల తేడా కావాలి. వాన నీళ్లతో ఆకులు, మట్టి కూడా వస్తాయి కాబట్టి ఇక్కడ 75 మి.మీ. కంటే తగ్గవద్దని చెబుతాను.

ప్రశ్న: రెండు ట్యాంకుల్లో మట్టం సమానం కావడానికి ఎంతసేపు పడుతుంది?

మన ఉదాహరణలో మీటరు తేడాతో మొదలుపెడితే 25 మి.మీ. పైపుకు 20 నిమిషాలకు పైగా, 50 మి.మీ. పైపుకు నాలుగైదు నిమిషాలు. తేడా తగ్గేకొద్దీ వేగమూ తగ్గుతుంది. మీటరు తేడా పావు మీటరుకు రావడానికి సగం సమయం పడితే, మిగిలిన ఆ పావు మీటరుకే ఇంకో సగం పడుతుంది. చివర్లో నీళ్లు ఆగిపోయినట్టు కనిపిస్తే పైపు పూడుకుందని కంగారుపడకండి.

ప్రశ్న: ఇప్పటికే వేసిన పైపు సరిపోతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

రెండు ట్యాంకులూ దాదాపు ఖాళీగా, మట్టాలు సమానంగా ఉన్నప్పుడు మోటారు వేయండి. ఇరవై నిమిషాలయ్యాక రెండు మూతలూ తీసి, అంచు నుంచి నీళ్ల వరకు ఎంత లోతుందో కర్రతో కొలవండి. అంచులు ఒకే మట్టంలో లేకపోతే మోటారు వేసే ముందే ఒకసారి కొలిచి ఆ తేడాను తీసేయాలి. 5 సెంటీమీటర్లలోపు వస్తే పైపు జోలికి పోకండి. అంతకు మించితే ముందు వాల్వులు పూర్తిగా తెరిచి ఉన్నాయో లేదో చూడండి, తర్వాత నిప్పళ్లు, రెడ్యూసర్లు, మిట్టలో చిక్కిన గాలి. ఇవన్నీ బాగానే ఉండి కూడా తేడా తగ్గకపోతే అప్పుడు పైపు మార్చండి. మార్చేటప్పుడు ట్యాంకు రంధ్రం నుంచి ట్యాంకు రంధ్రం వరకు ఒకే లోపలి వ్యాసం ఉండేలా మార్చండి.